కాశిమేడు గల్‌లు: తల కాదు, రెక్క చూడండి

మార్చిలో చెన్నై కాశిమేడు చేపల రేవులో ఫోటో తీసిన గల్ (సముద్రపు పక్షి) ఏ జాతో తేలట్లేదన్నారు. తల రంగు పట్టుకోవడంతోనే చిక్కంతా. ఈ నెలల్లో బ్రౌన్‌హెడెడ్ అనే జాతికీ బ్లాక్‌హెడెడ్ అనే జాతికీ కూడా తల ముదురు గోధుమే. బ్లాక్ పేరుకే లెండి.

1. రెక్క విప్పేదాకా ఆగండి. చాలామంది పడవ మీద వాలినదాన్ని ఫోటో తీసుకుని వచ్చేస్తారు. అసలు గుర్తు అందులో సరిగా కనపడదు.
నల్లటి రెక్క కొసలో తెల్లమచ్చలుంటే బ్రౌన్‌హెడెడ్. రెక్క ముందంచున తెల్లపట్టీ, కొస వెనకంచుకి మాత్రమే నలుపు ఉంటే బ్లాక్‌హెడెడ్.

2. ఎగిరే రెక్క చెదరకుండా పడాలంటే కెమెరా షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టండి.

3. కన్ను లేత రంగైతే బ్రౌన్‌హెడెడే. పిల్ల గల్‌లకి ఆ మచ్చలూ, లేత కన్నూ ఉండవు. ముందు పెద్దవాటితో మొదలెట్టండి.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేట బందు. ఈలోపే, పొద్దున్నే చేపలు దించే వేళకి వెళ్ళండి.