.400 వీలన్ చరిత్ర రాయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

.400 వీలన్ తూటా చరిత్ర రాస్తున్నందుకు సంతోషం. కానీ మొదటి వాక్యంలోనే ‘ప్రమాదకరం కాబట్టి మూలపడింది’ అని తీర్పు చెప్పేశావు. అది కొట్టేయి నాయనా. ఒకరు రాసింది మరొకరు ఎత్తి రాసుకోగా స్థిరపడిన మాట అది. ఒకప్పుడు నేనూ నమ్మాను.

ముందు తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం చేతిలోకి తీసుకో. 1920ల మొదట్లో అమెరికాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధాగారంలో పనిచేస్తూ కర్నల్ టౌన్‌సెండ్ వీలన్ ఈ తూటాకు పూనుకున్నాడు. జేమ్స్ హౌ కూడా ఆ పనిలో ఉన్నాడు. 1923లో సీమోర్ గ్రిఫిన్‌తో కలిసి గ్రిఫిన్ అండ్ హౌ దుకాణం పెట్టింది ఇతనే. ఆధారం 1906 నాటి సైనిక తూటా .30-06. పెద్ద జంతువుల వేట కోసం .405 వించెస్టర్ తూటా గుండు పట్టేలా మెడను, అంటే గుండును పట్టుకునే మూతి భాగాన్ని, వెడల్పుగా ఉంచారు. పెద్ద కంపెనీలేవీ చేపట్టలేదు కనుక వైల్డ్‌క్యాట్‌గానే, అంటే కంపెనీలు తయారుచేయని సొంత ప్రయోగపు తూటాగానే, మిగిలింది. తోబుట్టువు .35 వీలన్‌ను మాత్రం 1980ల చివర్లో రెమింగ్టన్ అమ్మకానికి తెచ్చింది.

గొడవంతా భుజం దగ్గరే, అంటే గొట్టం మెడ వైపు సన్నబడే వాలు దగ్గరే. ఛాంబర్‌లో, అంటే తుపాకీలో తూటా కూర్చునే గదిలో, అది ఎంతవరకు దూరాలో ఆపేది ఈ భుజమే. .30-06 భుజం వ్యాసం 0.441 అంగుళం. 0.411 అంగుళం వ్యాసమున్న ఆ గుండు చుట్టూ ఇత్తడి మందం కలిపితే మెడే 0.43 దాటుతుంది. ఇక ఒక్కో వైపు మిగిలేది అంగుళంలో వందో వంతు కూడా కాదు! అలాంటి తూటా, వెనక నుంచి కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బకే ముందుకు జరుగుతుంది, పేలినప్పుడు గొట్టం సాగి చిట్లవచ్చు.

అసలు గొట్టాలు అలా చేసినవి కావు. భుజం ఇంకా తీర్చని ఇత్తడి నుంచి, వెడల్పైన భుజంతో మలిచారు. తర్వాతివారు మామూలు .30-06 గొట్టం మెడను సాగదీసి, ఆ లోపాన్ని వీలన్ తలకు చుట్టారు. నీ చరిత్రకు ప్రాణం ఇక్కడే ఉంది, రెండు పేజీలైనా పరవాలేదు.

పాత రైఫిల్ దొరికితే దాని బ్యారెల్ మీది ముద్రను నమ్మకు, పేల్చకు. తుపాకీ పనివాడి చేత ఛాంబర్‌లో త్వరగా కరిగే లోహం పోయించి అచ్చు తీయించు. నిగనిగలాడుతూ బయటికొచ్చిన అచ్చు మీద భుజం గీత వేలిగోటికి తగులుతుంది. అక్కడ సన్నని కొలతలు తీసే వెర్నియర్ పెట్టి వ్యాసం కొలిచి, ఆ అంకె నాకు పంపు.

మీ పెదనాన్న