ఫిజిక్స్ భయం ఉంటే ఎంఈసీతో ఇంజినీరింగ్ చేయొచ్చా?

అన్నా, మీరు అడిగింది ఇదీ: బిడ్డ పది పాసైంది, ఇంజినీరింగే చేస్తానంటోంది, లెక్కలు ఫర్వాలేదు కానీ ఫిజిక్స్ అంటే భయం. ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) బదులు ఎంఈసీలో (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) చేర్పిస్తే బీటెక్ సీటు వస్తుందా? ఎంపీసీయే అయితే నర్సంపేటలోనే చదివించాలా, హన్మకొండలో ఐఐటీ బ్యాచ్‌లో (ఇంటర్‌తో పాటు ఐఐటీ ఎంట్రన్స్ కోచింగ్ ఇచ్చే సెక్షన్‌లో) వేయాలా?

మొదటిదానికి జవాబు చిన్నదే. ఎంఈసీతో బీటెక్ కుదరదు. అందులో మ్యాథ్స్ ఉన్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండవు. ఎంసెట్‌లో (పేరు ఎప్‌సెట్ అని మార్చారు, మా ఇంట్లో ఇంకా ఎవరికీ నోరు తిరగలేదు) ఇంజినీరింగ్ పేపర్‌కు 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. బైపీసీ వాళ్లకు బయోటెక్నాలజీ, బయోమెడికల్ లాంటి ఒకటి రెండు బ్రాంచీలకు దారి ఉంది. సీఎస్ఈ, ఈసీఈ, సివిల్ కావాలంటే ఎంపీసీయే. అమెరికాలో పిల్లలు ఒక్కో సబ్జెక్టు ఏరుకుంటారట. మన దగ్గర అడ్మిషన్ ఫారం మీద ఒక గ్రూపుకు టిక్కు పెడితే రెండేళ్లూ అదే.

ఇక ఫిజిక్స్ భయం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాదీ అదే కథ. 2014లో పరకాలలో తెలుగు మీడియం పది పూర్తి చేసి హన్మకొండలో ఎంపీసీలో చేరాను. రెండో వారంలోనే ఫిజిక్స్ సారు బోర్డు మీద వేగం అంటే డీఎక్స్ బై డీటీ అని రాశారు. పైన ఒక డీ, కింద ఒక డీ ఉన్నాయి కదా అని రెండూ కొట్టేసి ఎక్స్ బై టీ అని నోట్సులో రాసుకున్నాను. ఎవరూ నవ్వలేదు, పక్కవాడు నాది చూసే రాసుకున్నాడు. అసలు సంగతి ఏంటంటే, డీఎక్స్ బై డీటీ అనేది డెరివేటివ్ (ఎంత త్వరగా మారుతోందో చెప్పే లెక్క), అందులో డీలు కొట్టేయకూడదు. డెరివేటివ్స్ మ్యాథ్స్ 1బీలో (ఫస్టియర్ రెండో మ్యాథ్స్ పేపర్) చివరి చాప్టర్లలో ఉండేవి, మాకు దసరా దాటాకే చెప్పారు. ఫిజిక్స్‌కేమో అవి జూలైలోనే కావాలి. వెక్టర్ల (దిశ కూడా ఉండే రాశుల) కథా అంతే. ఈ మధ్య నెలల్లో పిల్లలు ఫార్ములాలు బట్టీ పట్టి, అవి కలవక, మనకు ఫిజిక్స్ రాదులే అనుకుంటారు. రానిది ఫిజిక్స్ కాదు, ఇంకా చెప్పని లెక్కలు.

మా బాబాయి బిడ్డ ఇంటర్‌లో చేరే ముందు ఎండాకాలంలో రోజూ ఒక గంట కూర్చోబెట్టాను. త్రికోణమితి విలువలు, వెక్టర్‌ను రెండు ముక్కలుగా విడదీయడం, ఎక్స్ పవర్ ఎన్‌కు, సైన్‌కు డెరివేటివ్, కాస్త లాగరిథమ్‌లు. ఇంతే. ఒక రోజు వాలు బల్ల మీద దిమ్మె జారే లెక్క వచ్చింది. జార్చే బలం ఎంజీ సైన్ తీటానా, కాస్ తీటానా అని నా బ్యాచ్ అంతా రెండేళ్లూ బొమ్మాబొరుసు వేసినవాళ్లమే. తీటా, అంటే బల్ల వాలు కోణం, సున్నా అనుకో అన్నాను. బల్ల చదునుగా ఉంటే దిమ్మె జారుతుందా? జారదు. సున్నా దగ్గర సున్నా అయ్యేది ఏది? "సైన్" అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మీ బిడ్డకు కూడా ముందు ఇలాంటివి నాలుగు చేయించి, భయం సంగతి ఆ తర్వాత చూడండి.

నేను చేసిన పెద్ద తప్పు మాత్రం మ్యాథ్స్‌లో. మా బ్యాచ్‌లో ఇంటర్ మ్యాథ్స్ పేపర్ 75 మార్కులు. చివరి సెక్షన్‌లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తే ఐదు రాస్తే చాలు. ఈ చాయిస్ చూసుకుని చాప్టర్లకు చాప్టర్లే వదిలేసేవాళ్లం, ఏవి వదలొచ్చో కాలేజీ వాళ్లే లిస్టు ఇచ్చేవాళ్లు. నేను సెకండియర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వదిలేశాను. 2బీలో 70 దాటాయి, ఇంట్లో స్వీట్లు పంచారు. ఎంసెట్‌లో చాయిస్ ఉండదని తెలిసి కూడా పట్టించుకోలేదు. బీటెక్ ఫస్టియర్ మ్యాథ్స్‌లో మొదటి యూనిట్టే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. నా మొదటి బ్యాక్‌లాగ్ (ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టు) అదే.

అప్పట్లో ఇంటర్ మార్కులకు ఎంసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఉండేది, నన్ను అదే గట్టెక్కించింది. 2023లో దాన్ని తీసేశారు. అలాగని ఇంటర్‌ను వదిలేయడానికి లేదు. బీటెక్ అర్హతకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40) రావాలి. మన వరంగల్ ఎన్ఐటీ ఆశ ఉంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65), లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి.

ఎన్ఐటీ అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడ సగం సీట్లు మన రాష్ట్రం (తెలంగాణ) వాళ్లకు. మన రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, ఇంటర్ పాసైన చోటు. ఎవరైనా విజయవాడ పంపమని సలహా ఇస్తే ఇది గుర్తుంచుకోండి.

కెమిస్ట్రీని ఎవరూ లెక్కచేయరు కానీ ర్యాంకు అక్కడే దొరుకుతుంది. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. కెమిస్ట్రీ 40 అరగంటలో ముగిస్తే మిగిలిన టైమంతా మ్యాథ్స్‌కే. మైనస్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలొద్దని చెప్పండి.

ఐఐటీ బ్యాచ్ గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. ఫీజు కట్టేది ఆ పేరుకు. వారం టెస్టులో తగ్గితే సెక్షన్ మారుస్తారు, నన్ను అక్టోబర్‌లోనే మార్చారు. ఆ తర్వాత నాకు దొరికింది మామూలు బ్యాచే. ల్యాబ్ కూడా ప్రాక్టికల్స్‌కు ముందు పది రోజులే తెరిచారు. బ్యూరెట్ (కెమిస్ట్రీ ల్యాబ్‌లో ద్రవం కొలిచే గాజు గొట్టం) ఎలా పట్టుకోవాలో కూడా సరిగా తెలియకుండా పరీక్షకు వెళ్లాను. నర్సంపేటలో మ్యాథ్స్, ఫిజిక్స్ లెక్చరర్లు ఏడాది పొడుగునా ఉండే కాలేజీ ఉంటే ఫస్టియర్ అక్కడే చదివించండి. ఎక్కడ చేర్పించినా ఫీజు మాట్లాడే ముందు ల్యాబ్ చూపించమనండి. పదిలో మార్కులు బాగా ఉంటే బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేయడం మరిచిపోవద్దు. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు, ఎంసెట్ బాధ ఉండదు.

నా తెలుగు అకాడమీ పుస్తకాలు ఇంకా ఉన్నాయి. 1ఏకు అట్ట ఊడింది, 1బీ బాగానే ఉంది. సిలబస్ మారినా సైన్, కాస్ మారవు. కావాలంటే చెప్పండి, పరకాలలో ఉన్న మా తమ్ముడితో పంపిస్తాను.