డీఫ్లోరిడేషన్ అనే మాట నోటికి రావాలంటే

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ సెమినార్ పేపర్ విన్నాక సంతోషమైంది. ఒక్క డీఫ్లోరిడేషన్ దగ్గరే మూడుసార్లు ఆగినవు. నల్గొండ బిడ్డవై, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్ గురించి చెప్పబోతున్నావు, ఆ మాట దగ్గర తడబడొద్దు. ఇన్నేండ్లు బడిలో సైన్స్ చెప్పిన అనుభవంతో రాస్తున్నాను.

ఆ మాటను రెండు తీర్ల విడదీయాలి. ఒకటి అర్థానికి, ఒకటి నోటికి. రెండూ ఒకేచోట తెగవు, నీ చిక్కంతా అక్కడే.

అర్థానికైతే విగ్రహవాక్యం చెప్పినట్టు విడగొట్టు. డీ అంటే తీసివేత, నడుమ ఫ్లోరైడ్, చివర ఏషన్ అంటే ఆ పని. స్పెల్లింగ్ కూడా ఇట్లనే గుర్తుంటుంది. ఫ్లోర్ (fluor) లో యు ముందు, ఓ తర్వాత. తారుమారైతే గోధుమపిండి అవుతుంది, స్లైడ్ మీద ఒకసారి చూసుకో.

నోటికైతే ఐదు ముక్కలు: డీ, ఫ్లో, రి, డే, షన్. ఫ్లోరైడ్ చివరి డకారం తన ఇల్లు విడిచి డేలో కలిసింది చూడు. మనం తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కదాని మీద బరువు వేసి మిగతావి తేలికగా వదిలేస్తారు. ఫ్లోరైడ్‌లో బరువు ఫ్లో మీద, ఆ ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌లో రో మీద, డీఫ్లోరిడేషన్‌లో డే మీద. బరువు అటు జరిగేసరికి రై సన్నబడి రి అయింది. నువ్వేమో డీఫ్లోరైడేషన్ అంటున్నావు.

షన్‌తో ముగిసే మాటల్లో బరువు దాని ముందు ముక్క మీదే. ఇరిగేషన్, రిజిస్ట్రేషన్ పలికి చూడు, తెలుస్తుంది. సిలికోసిస్, ట్యూబర్‌క్యులోసిస్ లాంటి జబ్బుల పేర్లలో ఓ మీద పడుతుంది.

సాధన వెనక నుంచి మొదలుపెట్టు. షన్. డేషన్. రిడేషన్. ఫ్లోరిడేషన్. చివరికి మొత్తం. అప్పుడు తెలియని ముక్క నుంచి తెలిసిన ముక్కలోకి పోతావు, టెన్షన్ ఉండదు.

సభలో ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఆగి, పని వివరించు. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి ఇది. నీళ్లలో సున్నం, పటిక వేసి కలియబెడితే తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు తీసుకుంటాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న హద్దు కూడా చెప్పు. మన మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంగిపోయినోళ్లను నువ్వు చిన్నప్పటి నుంచి చూసినవు, వాళ్ల గురించి చెప్పేటప్పుడు తొందరపడకు.

రేపు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి. ఈసారి కాగితం చూడకుండా చెప్పు, నాయనమ్మ కూడా వింటానంటున్నది.

మీ తాత