జాకీ తప్పా, జాక్ ఒప్పా?

సందేహం: మాది కందుకూరు. టైరు మార్చేటప్పుడు లారీని ఎత్తే సామానును మా నాన్న జాకీ అంటారు, నేనూ అదే అంటాను. మా అబ్బాయి సైన్సు నోటుబుక్కులో ‘హైడ్రాలిక్ జాకీ’ అని రాస్తే, జాకీ అంటే గుర్రపు స్వారీ చేసేవాడని, దీన్ని ‘జాక్’ అనాలని బడిలో దిద్ది పంపారు. ఇన్నాళ్లూ మేం తప్పు పలుకుతున్నామా? జాక్‌ఫ్రూట్, జాకాల్, జాకెట్టు – వీటన్నిటిలో ఉన్నది ఒకే జాకా? ఈ సామానుకు మంచి తెలుగు మాట పెట్టుకోకూడదా?

సమాధానం: మీ నాన్నగారు తప్పు పలకలేదు, మీరూ పలకలేదు. ముందు ఈ మాట చెప్పి తర్వాత మూలాల్లోకి వెళ్తాను. ఇంట్లో విన్న మాట మీద ఎర్రసిరా పడితే పిల్లవాడికి ఆ మాట మీదే కాదు, ఇంటి పలుకు మీదే అనుమానం పుడుతుంది. అది నాకు బాధ కలిగించే విషయం.

ఇంగ్లీషులో ఆ సామాను పేరు జాక్, నిజమే. కానీ అది మొదట మనిషి పేరు. జాన్ అనే పేరుకు ‘చిన్న’ అనే అర్థమిచ్చే ‘కిన్’ చేరి జాన్‌కిన్, అది నలిగి జాకిన్, చివర ఊడి జాక్. మన కృష్ణమూర్తి ఇంట్లో కిట్టు అయినట్టే. ఒంగోలు ప్రాంతంలో ఇప్పటికీ తలుచుకునే మిషనరీ క్లౌ దొర పూర్తి పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఆ జాన్ తెలుగు బైబిలులో యోహాను. కాబట్టి జాక్ అంటే ముద్దుగా పిలిచిన యోహాను.

ఇంగ్లండులో ఎక్కడ చూసినా జాన్‌లే కావడంతో, జాక్ అంటే ఫలానా మనిషి అనే అర్థం పోయి ఎవరో ఒక మామూలు మనిషి, కూలివాడు, చెప్పిన పని చేసిపెట్టే కుర్రాడు అనే అర్థం వచ్చింది. మనకు దారినపోయే దానయ్య లేడూ? ‘ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చింది’ అన్నప్పుడు ఆ ఎంకి ఎవరి కూతురని ఎవరూ అడగరు కదా, ఇదీ అంతే. అన్ని పనుల్లోనూ చేయి పెట్టేవాణ్ని ఇంగ్లీషువాళ్లు ‘జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్’ అంటారు. 1592లో లండనులో అచ్చయిన ఒక కరపత్రం షేక్స్‌పియర్‌ను ఎత్తిపొడుస్తూ ‘యొహానెస్ ఫాక్టోటమ్’ అంది. లాటిన్‌లో చెప్పినా అన్నీ తానే చేసే యోహాను అనే దాని అర్థం.

ఆ కుర్రాడు చేసే చాకిరీని ఒక చెక్కముక్కో ఇనుపకడ్డీయో చేయడం మొదలయ్యాక, వాడి పేరు దానికి అంటుకుంది. బిగుతు బూట్లు లాగడానికి దొర కాళ్ల దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. తర్వాత మడమ ఇరికించి బూటు ఊడదీసుకునే చీలిక చెక్క వచ్చింది. దాని పేరు బూట్‌జాక్. పెద్ద ఇళ్ల వంటశాలల్లో మాంసం గుచ్చిన చువ్వను పొయ్యి ముందు గంటల తరబడి తిప్పుతూ కూర్చున్నదీ కుర్రాళ్లే. కొన్నిచోట్ల ఒక చక్రంలో కుక్కను పరిగెత్తించి తిప్పించేవారు కూడా. ఆ పనిని బరువుతో తిరిగే యంత్రం అందుకుంటే అదీ జాక్ అయింది. బండికి భుజం ఆనించి పైకెత్తే మనిషి బదులు మరచుట్ల కడ్డీ వచ్చింది, అదీ జాకే. ఈ మాట చరిత్రలో నా మనసుకు తగిలేది ఇక్కడే. పొయ్యి సెగలో కూర్చున్న ఆ పిల్లల సొంత పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్లందరినీ కలిపి పిలిచిన పేరొకటే మిగిలింది, అదీ ఇనుప సామాను మీద.

పేకాట తెలిసినవారికి ఇది ఇంకా తేలిగ్గా అందుతుంది. మనం ఆసు, రాజు, రాణి, జాకీ అంటాం. ఆ జాకీకి ఇంగ్లీషులో పాత పేరు నేవ్. నేవ్ అంటే మొదట కుర్రాడు, తర్వాత నౌకరు, ఆ తర్వాతే దగాకోరు. 19వ శతాబ్దంలో ముక్కల మూలల్లో అక్షరాలు వేయడం మొదలయ్యాక, రాజుకు ‘కె’, నేవ్‌కు ‘కెఎన్’ అని ఉంటే చేతిలో విప్పి పట్టుకున్నప్పుడు తికమక పడేవారు. అందుకని జాక్‌లోని ‘జె’ అక్షరం స్థిరపడింది. ఉర్దూలో అదే ముక్క గులాం. అక్కడా ఆ ముక్క నౌకరుదే.

ఇక గుర్రపు జాకీ. స్కాట్లండువారు జాక్‌ను గుండ్రంగా ‘జొక్’ అని పలుకుతారు. దాని ముద్దురూపమే ఇంగ్లీషులో స్వారీవాడి పేరు. మొదట కుర్రాడు, గుర్రాల బేరగాడు అనే అర్థాలుండి, 17వ శతాబ్దంలో పందెపు గుర్రం ఎక్కేవాడికి స్థిరపడింది. రేడియో జాకీ ఆ మాటకు తర్వాతి తరం. దిద్దినవారు రెండు జాకీలనూ విడదీయబోయారు గానీ, రెండూ ఒకే యోహాను ఇంటివే.

మీరు అడిగిన మిగతా మూడింటిలో జాకెట్టు ఒక్కటే దూరపు చుట్టం. ఫ్రాన్సులో రైతును చులకనగా ‘జాక్’ అనేవారు. అక్కడి జాక్ యోహాను కాదు, యాకోబు. 1358 నాటి రైతుల తిరుగుబాటును జాకెరీ అన్నది అందుకే. ఆ రైతు తొడిగే పొట్టి అంగీ నుంచి జాకెట్ వచ్చిందని నిఘంటుకారులు ఎక్కువమంది చెబుతారు. జాక్‌ఫ్రూట్‌లో మాత్రం మనిషే లేడు. మలయాళంలో పనస చక్క, పోర్చుగీసువారి నోట అది జాకా, ఇంగ్లీషువారు తమకు అలవాటైన జాక్‌ను దానికి తగిలించారు. జాకాల్ సంగతీ అంతే. సంస్కృత శృగాలానికి చుట్టమైన పారశీక శగాల్, తురుష్క భాషలో చకాల్ అయి ఇంగ్లీషు చేరింది. చెవికి ఒకలా వినిపించాయని చుట్టరికం కలిపేయకూడదు.

తెలుగులో జాకీ అనే రూపం ఎలా నిలిచిందో చూద్దాం. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాట వస్తే సాధారణంగా ఉకారం చేర్చుకుంటాం: బస్సు, టైరు, బోల్టు, బ్రేకు. ఆ లెక్కన జాక్ ‘జాకు’ కావాలి, కాలేదు. తమిళులూ మలయాళీలూ కూడా జాక్కి అనే అంటారు. కాబట్టి ఇది కందుకూరు లారీ షెడ్డులో జరిగిన పొరపాటు కాదు, దక్షిణాదిలో పలుచోట్ల వాడుకలో ఉన్న రూపం. పైగా ఇంగ్లీషులోనే జాక్‌ను ఇంకా ముద్దు చేస్తే జాకీ అవుతుంది. పలుకుబడిలో ఒక చిన్న తేడా గమనించండి. ‘జాలి’లో జ దంత్యం, అంటే నాలుక పళ్ల దగ్గర తగిలి పలికేది; ‘జాకీ’లో జ తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేది. ఏ వ్యాకరణమూ చదవని క్లీనరు కూడా ఈ రెంటినీ కలిపేయడు.

కావలి నుంచి ఒంగోలు దాకా ట్రంకు రోడ్డు పక్కన పంక్చరు షాపుల్లో జాకీ పక్కన పానా, పానా పక్కన స్టెప్నీ కనిపిస్తాయి. పానా హిందీ, ఉర్దూల వైపు నుంచి వచ్చింది. స్టెప్నీ వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో ఒక వీధి పేరు. 1904లో అక్కడ డేవీస్ సోదరులు మోటారు బండ్లకు అదనపు చక్రం తయారుచేసి, దానికి తమ వీధి పేరు పెట్టారు. ఇప్పుడు ఇంగ్లండులో ‘స్పేర్ వీల్’ అంటున్నారు, స్టెప్నీ మన లారీల వెంట తిరుగుతోంది.

జాకీ మన దగ్గర కొత్త పని కూడా నేర్చింది. అర్హత లేనివాణ్ని పొగిడి పైకి తేవడాన్ని ‘జాకీలు పెట్టి లేపడం’ అంటున్నారు. ఇలా సొంత నుడికారం పుట్టిన మాటను పరాయిదని కొట్టేయడం నాకు సమ్మతం కాదు. ‘ఎత్తుడుమర’ అని కొత్త మాట కట్టవచ్చు, అర్థమూ అవుతుంది. కానీ రాత్రిపూట ఉలవపాడు దగ్గర టైరు పేలినప్పుడు ‘ఎత్తుడుమర తీసుకురా అబ్బయ్యా’ అంటే ఆ క్లీనరు ఏం తేవాలి?

నా దిగులు వేరే ఉంది. ఇరుసు, చీల, నొగ, కాడి, చక్రపు ఆకులు, కందెన – ఎడ్లబండి తగ్గుతున్నకొద్దీ ఈ మాటలు చెప్పేవాళ్లు తగ్గుతున్నారు. మీ నాన్నగారికి బండి తెలిసి ఉంటే, ఒక ఆదివారం కూర్చోబెట్టి ఆ భాగాల పేర్లన్నీ అబ్బాయి చేత రాయించండి. బండిని ఎత్తి చక్రం ఊడదీసి కందెన ఎలా వేసేవారో కూడా అడగమనండి.

నోటుబుక్కు సంగతి. జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందిన ద్రవపీడన యంత్రం ఏ సూత్రంతో నడుస్తుందో, హైడ్రాలిక్ జాకీదీ అదే సూత్రం. అబ్బాయి అది సరిగ్గా రాశాడో లేదో చూడండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు జాక్, తెలుగులో రాసేటప్పుడు జాకీ. బహువచనం జాకీలు, విభక్తి చేరితే జాకీతో, జాకీకి. కీ మీద దీర్ఘం వదలవద్దనండి.