వృద్ధి రేటు పెరిగితే పేదరికం దానంతటదే పోతుందా?

"దేశం వేగంగా ఎదుగుతుంటే పేదరికం దానంతటదే తగ్గిపోతుంది కదా, మళ్ళీ అసమానత గురించి గోల ఎందుకు?" అని అడిగారు. తగ్గుతుంది, చాలావరకు. ఆ "దానంతటదే" దగ్గరే నాకు పేచీ. కొన్నాళ్ళు ఇంటింటికీ తిరిగి కుటుంబ ఖర్చుల సర్వే చేశాను, అక్కడ చూసింది చెబుతాను.

ఫారంలో "నెల ఆదాయం" అనే గడి ఉండేది. ఒకావిడను అడిగితే "ఏ నెలది చెప్పమంటారు?" అంది. పని దొరికిన నెలలో చేతిలో డబ్బు ఆడుతుంది, దొరకని నెలలో అప్పు; అన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే వచ్చే అంకెను ఆమె ఏ నెలలోనూ కళ్ళజూసి ఉండదు. కానీ గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు ఫారం వెనక్కి పంపేవాళ్ళు, అందుకని ఏదో ఒకటి రాసేసేవాళ్ళం. (ఆ ఏదో ఒకటే తర్వాత ఎవరి రిపోర్టులోనో దశాంశ స్థానంతో సహా తేలుతుంది, అది వేరే కథ.)

ఆ ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను ఉండేది. మా లెక్కలో ఆ కుటుంబం పేదరిక రేఖకు పైనే. ఏడాది తర్వాత రెండో విడతకు వెళ్తే మిషను లేదు, నేల మీద దాని కాళ్ళ మచ్చలు మాత్రం ఉన్నాయి. భర్త పనిచేసే చోట పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. ఆపరేషన్‌కి అప్పు, అప్పు తీర్చడానికి మిషను, మిషను పోయాక పెద్దపిల్ల చదువు మానేసి పనికి. ఆ ఏడాది వృద్ధి రేటుకేం లోటు లేదు. వాళ్ళకు దగ్గర్లోనే ఇంకో ఇంట్లో కొడుక్కి ఫ్యాక్టరీలో నెలజీతం ఉద్యోగం వచ్చి ఆ కుటుంబం రేఖ దాటింది. ఒకరు దిగారు, ఒకరు ఎక్కారు, మా లెక్కలో చెల్లుకు చెల్లు.

అసలు ఆ రేఖే అటూ ఇటూ జరుగుతుంది. 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు రోజుకు 2.15 డాలర్ల గీతను 3 డాలర్లకు మార్చింది, దాంతో కడు పేదల సంఖ్య ఒక్కసారిగా 12 కోట్లకు పైగా పెరిగింది, ఎవరి బతుకూ మారకుండానే.

అప్పటినుంచీ వృద్ధి ఎంత అన్నది కాదు, అది ఎలాంటి పని పుట్టించింది, పడ్డవాణ్ణి పట్టుకునేది ఏదైనా ఉందా అనే చూస్తాను. ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీలో 1990లలో చమురు దొరికి సగటు ఆదాయం అమాంతం లేచింది, కానీ చమురు తోడటానికి ఎంతమంది కావాలి? డబ్బు పాలించేవాళ్ళ చుట్టూనే తిరిగింది, జనంలో చాలామంది పేదలుగానే ఉండిపోయారు. వియత్నాంలో 1986 సంస్కరణల తర్వాత ముందు రైతు చేతికి భూమి వచ్చింది, ఆపైన బట్టల, చెప్పుల ఫ్యాక్టరీలు లక్షలమందికి జీతాలిచ్చాయి, పేదరికం నిజంగానే కూలిపోయింది. చైనాలో 1978 నుంచి 40 ఏళ్ళలో సుమారు 80 కోట్ల మంది కడు పేదరికం నుంచి బయటపడ్డారు, అసమానతా పెరిగింది. కాబట్టి వృద్ధే వద్దనేవాళ్ళతోనూ నాకు పడదు.

పట్టుకోవడం అంటే బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన బోల్సా ఫామిలియా లాంటిది. పిల్లల్ని బడికి పంపాలి, టీకాలు వేయించాలి అన్న షరతు మీద పేద కుటుంబాలకు నేరుగా డబ్బు, ఎక్కువగా తల్లుల పేరునే. మొదటి పదేళ్ళలో దాని ఖర్చు జీడీపీలో అరశాతం దరిదాపుల్లోనే ఉంది. నేను చూసిన ఆ పెద్దపిల్ల అలాంటిది ఉంటే బడి మానేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక "కొన్నాళ్ళు ఓపిక పట్టండి, అసమానత ముందు పెరిగి తర్వాత అదే తగ్గుతుంది" అనేవాళ్ళు 1955లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ ఒక వ్యాసంలో చెప్పిన మాటను సూత్రంలా వల్లిస్తారు. ఇందులో ఆధారం బహుశా 5 శాతం, మిగతా 95 శాతం ఊహే అని ఆయనే అదే వ్యాసంలో ఒప్పుకున్నారు.