అజేలియా ఆకు పాలిపోతే ముందు తిప్పి చూడండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు తరచూ వచ్చే సందేహం: ఇంటి ముందు పాత యజమాని వేసిన అజేలియా పూల పొదలు పాలిపోయాయి, ఎరువేస్తే సరిపోతుందా? చాలాసార్లు సరిపోదు. ఎరువు సంచి కొనేముందు ఒక ఆకు కోసి రెండువైపులా చూడండి.

లేతాకు పసుపుగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. గూడూరు, పొదలకూరు నిమ్మతోటలు ఎరిగినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. చాలాచోట్ల మట్టిలో ఇనుము ఉంటుంది, పీహెచ్ (మట్టి పులుపు, క్షారాల కొలత) ఎక్కువై వేరుకు అందదు. అజేలియాకు పీహెచ్ 4.5 నుంచి 6 లోపు ఉండాలి. పునాదికి ఆనుకున్న పొదలు ముందు పసుపెక్కుతాయి, కాంక్రీటులోని సున్నం ఆ మట్టిలోకి దిగుతుంది కనుక. దానికితోడు మనవాళ్లు గుడ్డు పెంకులు, బూడిద బలమని పోస్తారు. ఈ మొక్కకు ఆ రెండూ చెరుపే. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (స్థానిక వ్యవసాయ సలహా కేంద్రం) ద్వారా మట్టి పరీక్ష చేయించి, వాళ్లు చెప్పిన మోతాదులో గంధకం వేయండి. మట్టిలోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, నెలలు పడుతుంది. ఈలోగా, మన దగ్గర వేరుశనగకు అన్నభేది కొట్టినట్టు, చిలేటెడ్ ఐరన్‌ను (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందు) డబ్బా మీది కొలత ప్రకారం ఆకులపై కొట్టొచ్చు. డ్రైవ్‌వే మీద పడనీయకండి, తుప్పు మరక పడుతుంది.

డల్లాస్ చుట్టుపక్కల వాళ్ల కష్టం వేరు. అక్కడిది సున్నపు నల్లరేగడి, కుళాయి నీళ్లూ క్షారమే. నేలలో నాటొద్దు. ఎత్తు మడి కట్టి, పైన్ చెట్టు బెరడు, పీట్ (కుళ్లిన నాచు ఎరువు) కలిపి నింపి అందులో నాటండి.

ఆకు పైన తెల్లటి సన్న చుక్కలు, అడుగున తారు చిమ్మినట్టు నల్ల మచ్చలు ఉంటే లేస్ బగ్ అనే రసం పీల్చే చిన్న పురుగు. ఎండలో ఉన్న పొదలకు ఎక్కువ. వసంతంలో పిల్ల పురుగులు కనబడగానే ఆకు అడుగుభాగానికి గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టండి, తగ్గకపోతే ఇన్‌సెక్టిసైడల్ సోప్ (పురుగుల్ని చంపే సబ్బు ద్రావణం) పిచికారీ చేయండి. మందు అడుగుకు తగలకపోతే కొట్టినా దండగే. పూత మీద ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వాడొద్దు, తేనెటీగలు చస్తాయి. పాడైన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురు చూసి అంచనా వేయాలి.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతోందంటే వేరు కుళ్లు. దాహం అనుకుని ఇంకా నీళ్లు పోస్తే అంతే సంగతి. ముదిరితే బతకదు, తీసేయండి. అదే చోట మళ్లీ అజేలియా నాటకండి. వేరేచోట నాటేటప్పుడు వేరుముద్ద నేలకంటే 1, 2 అంగుళాలు పైకి ఉండాలి. పైన 2, 3 అంగుళాల పైన్ ఆకు పరచండి, కాండానికి మాత్రం తగలకూడదు.

వసంతంలో ఆకులు ఉబ్బి గట్టిపడితే మందు అక్కర్లేదు. తెల్లబడకముందే గిల్లి చెత్తబుట్టలో వేయండి. శరదృతువులో లోపలి ముదురాకులు పండి రాలడం మామూలే.

కత్తిరింపు పూత అయిన 3, 4 వారాల్లోపు ముగించాలి. జులై దాటి కత్తిరిస్తే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

పూలు దేవుడికి పెట్టుకోవచ్చు గానీ తీర్థంలో, ప్రసాదంలో వేయొద్దు. ఆకు, పువ్వు, తేనె అన్నీ విషమే. పిల్లలు నోట్లో పెట్టుకుంటే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222 కు వెంటనే ఫోన్ చేయండి.