తల్లీ తండ్రీ బాగున్నా కూనకు తుంటి జబ్బు వస్తుందా?

సందేహం: మా జర్మన్ షెపర్డ్ ఆడకుక్కకు 16 నెలలు. పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతోంది. పడుకుని లేచేటప్పుడు తడబడుతోంది, నాలుగడుగులు వేశాక మామూలే. దీని తల్లీ తండ్రీ చక్కగా నడుస్తాయి. చిన్నప్పటి నుంచీ కాల్షియం కూడా తాగిస్తున్నాం. ఇప్పుడు ఎదకు వచ్చింది, క్రాసింగ్ చేయించవచ్చా?

సలహా: ఈ ఎదకు వద్దండీ. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే హిప్ డిస్‌ప్లేసియా అని అనుమానించాల్సిందే. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి తుంటి గిన్నెలో బిగువుగా కూర్చోవాలి. ఈ జబ్బులో ఆ పట్టు వదులవుతుంది. అడుగడుక్కీ బంతి గిన్నె అంచును ఒరుసుకుని కీలు అరుగుతుంది. ఒక్కో కాలి మీద బరువు మోపలేక రెండూ కలిపి గెంతుతుంది.

నడక చూసి తుంటిని అంచనా వేయలేం. ఎక్స్‌రేలో కీలు చెడిపోయి ఉన్నా ఏళ్ల తరబడి హాయిగా తిరిగే కుక్కలున్నాయి. పైగా ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. చాలా జన్యువులు కలిస్తే వస్తుంది కాబట్టి, తుంటి బాగున్న జంటకూ ఇలాంటి పిల్లలు పుడతాయి. దీంతోపాటు ఒకే ఈతలో పుట్టినవి ఎలా ఉన్నాయో కనుక్కోండి, తల్లీతండ్రుల నడక కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఎద సమయంలో కీళ్లు కాస్త వదులుగా కనిపించవచ్చు, అందుకే ఎద ముగిసిన నెల తర్వాత ఎక్స్‌రే తీయించండి. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాచి తీస్తారు. ఫిల్మ్‌ను మీరూ ఒకసారి చూడండి. తొడ ఎముకలు రెండూ సమాంతరంగా, కటి ఎముకలోని రెండు రంధ్రాలూ ఒకే సైజులో ఉండాలి. నడుము ఒక పక్కకు ఒరిగితే ఒక తుంటి ఉన్నదానికంటే బాగా, రెండోది అధ్వానంగా కనిపిస్తుంది. అలా ఉంటే మళ్లీ తీయమని అడగండి, మొహమాటం వద్దు.

ఈ ఎక్స్‌రేలో కీలు చెడిందని తేలితే సంతానానికి పనికిరాదు. బాగుంటే 24 నెలలు నిండాక మరోసారి తీయించండి. కుక్కల కీళ్ల ఎక్స్‌రేలు పరిశీలించి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్‌ఏ కూడా ఆ వయసు నిండితేనే తుంటికి తుది గ్రేడ్ ఇస్తుంది. మోచేతి కీళ్లూ అప్పుడే చూపించండి. మగకుక్క రిపోర్టు చూడకుండా జత కట్టించకండి. ఆడకుక్కకు పరీక్షలన్నీ చేయించి, మగదాన్ని ఫొటో చూసి ఎంచుకునేవాళ్లు నాకు చాలామందే తెలుసు!

ఇక కాల్షియం. పెద్ద జాతి కూనల శరీరం అదనపు కాల్షియాన్ని వదిలించుకోలేదు, ఎముకల ఎదుగుదల గాడి తప్పుతుంది. ఇప్పుడైనా ఆపేయండి. తిండి కూడా తగ్గించాలి. లాబ్రడార్ కూనల మీద జరిపి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, తోబుట్టువుల కంటే 25 శాతం తక్కువ తిన్నవాటిలో ఈ జబ్బు బాగా తగ్గింది. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. నున్నటి నేల మీద పట్టా పరవండి. నొప్పి ఉందని మనుషుల మాత్రలు మాత్రం వేయకండి.